రాసే పనిలో దొరికే ప్రతిఫలం

రాయడం మెదడు చేసే పనుల్లో బాగా బరువైనది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రోనాల్డ్ కెలాగ్ ఈ బరువును కొలిచి చూపించారు. ఏదో ఒక పనిలో మునిగి ఉన్న మనిషికి ఉన్నట్టుండి ఒక శబ్దం వినిపిస్తారు. వినగానే మీట నొక్కాలి. చేతిలో ఉన్న పని మనసును ఎంత గట్టిగా పట్టుకుని ఉంటే మీట అంత ఆలస్యంగా పడుతుంది. చదువుకుంటున్నవాళ్ల కంటే వ్యాసం రాస్తున్నవాళ్లు మీట బాగా ఆలస్యంగా నొక్కారు. చదరంగంలో ఆరితేరినవాళ్లు తర్వాతి ఎత్తు ఆలోచిస్తున్నప్పుడు ఎంత ఆలస్యమవుతుందో, ఇక్కడా దాదాపు అంతే అయింది. రాయడానికి కూర్చున్న కాసేపటికే అలసట రావడానికి, లేచి నాలుగడుగులు వేసి రావాలనిపించడానికి కారణం బద్ధకం కాదు, పని బరువే.

ఇంత బరువైన పనిని మనుషులు ఎవరూ అడగకుండానే చేస్తున్నారు. పత్రికలిచ్చే పారితోషికంతో ఇల్లు గడిచే తెలుగు రచయితలు ఎప్పుడూ అరుదే. అయినా ఊరూరా కవులున్నారు, కథలు రాసేవాళ్లున్నారు, డైరీలు నింపేవాళ్లున్నారు. శ్రమకు తగినదేదో ఆ పనిలోనే దొరుకుతూ ఉండాలి. అది ఎక్కడ పుడుతుంది, కొందరికి పుష్కలంగా దొరికేది మరికొందరికి ఎందుకు దొరకదు అన్నవి ఇప్పుడు శాస్త్రం కొంతవరకు జవాబు చెప్పగలిగే ప్రశ్నలు.

1980 ప్రాంతంలో జాన్ హేస్, లిండా ఫ్లవర్ అనే ఇద్దరు పరిశోధకులు, రాస్తున్నవాళ్లను మనసులో ఏమనుకుంటున్నారో అది పైకి చెబుతూ రాయమన్నారు. ఆ మాటలన్నీ విని వాళ్లు తేల్చిందేమిటంటే, రాతలో మూడు పనులు కలగలిసి సాగుతాయి. ఏం చెప్పాలో పోగుచేసుకోవడం ఒకటి, దాన్ని వాక్యంగా మార్చడం ఒకటి, రాసింది చూసుకుని దిద్దుకోవడం ఒకటి. ఒకటయ్యాక ఒకటి వరసగా రావు. సగం వాక్యంలో దిద్దుబాటు మొదలవుతుంది, దిద్దుతుంటే కొత్త సంగతి తడుతుంది. ఈ మూడింటికీ మనసులో ఉన్న చోటు ఒక్కటే, అదీ చాలా చిన్నది. ఒక క్షణంలో మనసు పట్టి ఉంచగలిగేది నాలుగైదు సంగతులకు మించదు. దిద్దే పని ముందుకొచ్చి ఆ చోటంతా ఆక్రమిస్తే పోగుచేసే పని ఆగిపోతుంది. మొదటి వాక్యాన్ని పదిసార్లు కొట్టేసి, ఆ తర్వాత కాగితం పక్కన పెట్టేసేవాళ్లకు జరిగేది ఇదే.

ఇంటి మాట, బడి మాట

మనసులోని ఆ కొద్ది చోటును మొదట తినేసేది భాషే. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న బూర్గంపాడు మండలంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి కోయ గూడేల్లో పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడతారు, బడిలో తెలుగు రాస్తారు. కోయ కూడా ద్రావిడ భాషే అయినా తెలుగుకు యాస కాదు, వేరే భాష. ఆ పిల్లవాడు ఒక వాక్యం రాయాలంటే సంగతి గుర్తుచేసుకోవాలి, దాన్ని ఇంకో భాషలోకి మార్చుకోవాలి, ఏ హల్లుకు ఏ వత్తు ఎక్కడ పడుతుందో చూసుకోవాలి. చెప్పదలుచుకున్న సంగతి అప్పటికి జారిపోతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2000ల దశకంలో కోయతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపినే వాడుతూ, మొదటి తరగతుల పుస్తకాలు తయారుచేయడం వెనక ఉన్న ఆలోచన ఇదే. ముందు ఇంటి మాటలో రాయడం అలవడితే, చెయ్యి అక్షరాలకు అలవాటు పడితే, రెండో భాష తర్వాత తేలికవుతుంది.

తెలుగువాళ్లే ఒకప్పుడు సరిగ్గా ఇదే చిక్కులో ఉన్నారు. ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో విద్యార్థులు వ్యాసాలు రాయాల్సివచ్చేది. గిడుగు రామమూర్తి 1913లో ఆధునిక తెలుగుపై వెలువరించిన విజ్ఞాపన పత్రంలోనూ, ఆ తర్వాత సాగిన వాదంలోనూ బడిపిల్లల కష్టానికి పెద్ద చోటే ఉంది. పర్లాకిమిడి కొండల్లో సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే పుస్తకాలు తయారుచేసిన అనుభవం ఆయనది. వాడుక భాష గెలిచింది. గెలిచి వందేళ్లు కావస్తున్నా పెన్ను పట్టగానే ఇంకో గొంతు తెచ్చుకోవాలన్న భయం ఇంకా పోలేదు. నోట్లో 'ఇబ్బంది పడ్డారు' అనేవాళ్లు కాగితం మీద 'తీవ్ర ఇబ్బందులకు గురయ్యారు' అంటారు. ఆ అరువు గొంతును నిలబెట్టడానికి పట్టే శ్రమ చెప్పే సంగతికి దక్కాల్సిన శ్రమ. రాయడంలో సుఖం కావాలనుకునేవాళ్లు మొట్టమొదట వదిలించుకోవలసింది దీన్నే.

చెయ్యి వేగం సంగతి కూడా అలాంటిదే. అక్షరాలు ధారాళంగా రాయడం నేర్పితే పిల్లల రచనల నాణ్యత కూడా పెరుగుతుందని అమెరికాలో స్టీవ్ గ్రాహమ్, ఆయన సహచరులు చేసిన విశ్లేషణలు చూపాయి. పెద్దవాళ్లలో ఫోన్‌లో తెలుగు టైపు చేయడం రానివాళ్లు, నోటితో చెప్పి రాయించే సదుపాయాన్ని మొదటి ప్రతికి నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. దిద్దడం తర్వాత.

పత్రం మీద రిబ్బను

1973లో మార్క్ లెపర్, ఆయన సహచరులు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం శిశు పాఠశాలలో ఒక ప్రయోగం చేశారు. రంగు పెన్నులతో బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న పిల్లలను ఎంచుకుని, కొందరికి ముందే చెప్పారు, బొమ్మ గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న ధ్రువపత్రం ఇస్తామని. కొందరికి చెప్పకుండా చివర్లో అదే పత్రం ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాలు గడిచాక ఆ పెన్నులను మామూలుగా బల్ల మీద పెట్టి ఎవరు ఎంతసేపు వాటితో గడుపుతారో గమనించారు. ముందే బహుమతి మాట విన్న పిల్లలు మిగతావాళ్లు గీసినంతసేపట్లో సగమే గీశారు. బహుమతి దానంతటదే చెడు చేయలేదు. చెప్పకుండా ఇచ్చిన పత్రం పిల్లల ఇష్టాన్ని తగ్గించలేదు. 'ఇది చేస్తే అది ఇస్తాం' అన్న బేరమే ఆటను కూలిపనిగా మార్చింది.

పెద్దవాళ్ల రాత మీద ఇలాంటి ప్రయోగాన్ని టెరిసా అమబిలీ 1985లో ప్రచురించారు. రాయడం మీద నిజమైన ఆసక్తి ఉన్న 72 మంది యువ రచయితలు అందులో పాల్గొన్నారు. అందరూ ముందు ఒక చిన్న కవిత రాశారు. తర్వాత కొందరికి రాయడానికి గల కారణాల పట్టీ ఒకటి ఇచ్చి ముఖ్యమైనవాటిని వరసలో పెట్టమన్నారు. ఆ పట్టీలో ఉన్నవన్నీ పేరు, డబ్బు, ఉద్యోగం, గురువుల మెప్పు లాంటి బయటి కారణాలు. ఇంకొందరికి ఇచ్చిన పట్టీలో మాటలతో ఆడుకోవడం, మనసులోది చెప్పుకోవడం లాంటి లోపలి కారణాలున్నాయి. ఆ వెంటనే ఇంకో కవిత రాయించి, ఏది ఎవరిదో తెలియని కవుల చేత మార్కులు వేయించారు. బయటి కారణాల గురించి కొద్ది నిమిషాలు ఆలోచించినవాళ్ల కవితలు మిగతావాళ్లవాటి కంటే పేలవంగా తేలాయి. వాళ్ల ప్రతిభ అంతసేపట్లో తగ్గిపోలేదు. మనసు చూస్తున్న దిక్కు మారింది, అంతే.

ఉగాదికీ దీపావళికీ పత్రికలు ప్రకటించే కథల పోటీలు తెలుగులో ఎన్నో మంచి కథలను వెలికితీశాయి. వాటికి పంపడంలో తప్పేమీ లేదు. అయితే క్రమం ముఖ్యం. కథ పూర్తయ్యాక పోటీని వెతుక్కున్న రచయితకూ, పోటీ చూసి కథను వెతుక్కున్న రచయితకూ రాసే గంటల్లో దొరికే అనుభవం ఒక్కటి కాదు.

మెదడు స్థాయిలో దీనికి ఒక ఆధారం ఉంది. 1990లలో వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల మెదడులో డోపమీన్‌ను విడుదల చేసే కణాలను గమనించారు. అనుకోకుండా పండ్లరసం అందితే అవి చురుగ్గా స్పందించాయి. రసం వస్తుందని ముందే తెలిశాక, అది వచ్చినా వాటిలో అదనపు చలనం లేదు. వస్తుందనుకున్నది రాకపోతే మాత్రం ఉన్న చలనం కూడా తగ్గింది. ఆ కణాలు లెక్కగట్టేది ప్రతిఫలాన్ని కాదు, అనుకున్నదానికీ దక్కినదానికీ మధ్య తేడాను. అచ్చు కోసమే రాసేవాళ్ల పరిస్థితిని దీన్నిబట్టి ఊహించవచ్చు. అచ్చయితే అనుకున్నదే అయింది, కాకపోతే నిరాశ. రాస్తుండగా తనకే తెలియని సంగతి తన వాక్యంలో బయటపడినవాళ్లకు మాత్రం తేడా ఎప్పుడూ లాభం వైపే ఉంటుంది. ఇలాంటి ఆశ్చర్యాలు ఎక్కువగా ఎదురయ్యేలా రాసే పద్ధతిని మార్చుకోవచ్చు, ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

గోల్కొండ చెరలో గోపన్న

పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్లే రహదారి బూర్గంపాడు మండలంలోని సారపాక మీదుగా సాగి, గోదావరి వంతెన దాటి రాములవారి గుడి ఉన్న ఊళ్లోకి చేరుతుంది. పదిహేడో శతాబ్దంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న ఖమ్మం దగ్గరి నేలకొండపల్లివాడు. శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడని గోల్కొండ సుల్తాను తానీషా ఆయన్ను చెరలో పెట్టించాడని, ఆ చెర పన్నెండేళ్లు సాగిందని సంప్రదాయం చెబుతుంది. రామదాసుగా పేరుపడ్డ ఆ గోపన్న కీర్తనల్లో చాలా భాగానికి నేపథ్యం ఆ చెరే.

రాత వల్ల రాసేవాడికి ఏం దక్కుతుందన్న ప్రశ్నకు ఈ ప్రాంతం ఇచ్చే అతి పెద్ద ఉదాహరణ ఇది. ఆ పాటలకు పారితోషికం లేదు, సభ లేదు, శాలువా లేదు. వింటున్నవాడు ఒక్కడే, ఆయనా జవాబు చెప్పడు. అయినా గోపన్న పాటలు కడుతూనే ఉన్నాడు. బాగా జనం నోట ఉన్న ఒక కీర్తనలో ఆయన తహసీల్దారు లెక్కలే తీశాడు. సీతమ్మ నగకు ఎంత పెట్టాడో, తమ్ముళ్లు ముగ్గురికీ ఏమేం చేయించాడో, ఒక్కొక్కదానికి ఎంతెంత అయిందో వరసగా అప్పజెప్పి, ఈ సొమ్ములన్నీ పెట్టుకుని కులికే దేవుణ్ణి ఎవరబ్బ సొమ్మని నిలదీశాడు. పాట ముగిసేసరికి గొంతు మారుతుంది. తిట్టానని కోపగించుకోవద్దని, దెబ్బలకు తాళలేక అన్నానని బతిమాలుకుంటాడు. మొదట్లో ఉన్న మనిషీ చివర్లో ఉన్న మనిషీ ఒక్కడు కాదు. కొన్ని చరణాల దూరంలో కోపం బాధగా, బాధ వేడుకోలుగా మారింది. వాళ్లకు వీళ్లకు చెప్పుకుంటే ఇంత మార్పు రాదు. వరసలో పెట్టి, లయలో కట్టి, లెక్కతో సహా చెప్పడం వల్ల వచ్చిన మార్పు అది.

మూడు వందల ఏళ్ల తర్వాత ప్రయోగశాలలో దొరికింది సరిగ్గా ఇదే. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ కలిసి 46 మంది విద్యార్థులతో వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు రాయించారు. కొందరికి పనికిరాని చిన్న విషయం ఇచ్చారు. కొందరిని తమ జీవితంలో జరిగిన పెద్ద దెబ్బ గురించి జరిగింది మాత్రమే రాయమన్నారు, కొందరిని మనసులో పడ్డ బాధ మాత్రమే రాయమన్నారు, ఇంకొందరిని రెండూ కలిపి రాయమన్నారు. తర్వాతి ఆరు నెలల్లో, జరిగిందీ పడ్డ బాధా కలిపి రాసినవాళ్లు విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. రాసిన రోజున మాత్రం వాళ్ల మనసు తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది. ఫలం ఆలస్యంగా అందింది. గోపన్న లెక్కలూ ఏడుపూ ఒకే పాటలో పెట్టినట్టు, సంగతీ బాధా ఒకచోట చేరినప్పుడే మేలు కనిపించింది.

పెన్నెబేకర్ తర్వాత ఆ రాతలను మాట మాటగా లెక్కించారు. బాగా మేలు పొందినవాళ్ల రాతల్లో మొదటి రోజు కంటే చివరి రోజుకు 'ఎందుకంటే', 'అందువల్ల', 'ఇప్పుడు అర్థమవుతోంది' లాంటి మాటలు పెరిగాయి. నాలుగు రోజులూ ఒకే తిట్టు తిట్టినవాళ్లకు అంత మేలు కలగలేదు. 2006లో జోఆన్ ఫ్రాటరోలీ 146 అధ్యయనాలను కలిపి చూస్తే సగటు ఫలితం నిజమైనదేగానీ చిన్నది అని తేలింది. రాత మందు కాదు. గాయం ఇంకా పచ్చిగా ఉన్నవాళ్లు, రాసేకొద్దీ కుంగిపోతున్నవాళ్లు కాగితం పక్కన పెట్టి వైద్యుల సాయం తీసుకోవడం మంచిది. మిగతావాళ్లకు ఈ పరిశోధన చేతికి ఒక కొలబద్ద ఇస్తుంది. ఒక విషయం మీద రెండోసారి రాసింది మొదటిసారి రాసినదానికి నకలుగా ఉంటే రాత గానుగెద్దు నడక నడుస్తోందని అర్థం. అక్కడ 'ఎందుకు' అన్న ప్రశ్న వేసుకుని మూడోది రాయాలి.

అవధానమనే ఆట

మిహాయి చిక్‌సెంట్‌మిహాయి చిత్రకారులను, కొండలెక్కేవాళ్లను, శస్త్రచికిత్స చేసే వైద్యులను దశాబ్దాలపాటు ప్రశ్నించి, 1990లో ఒక పుస్తకంగా తెచ్చిన సిద్ధాంతం లోకమంతటికీ తెలిసిందే. మనిషి పనిలో ఒళ్లు మరచిపోవాలంటే గురి స్పష్టంగా ఉండాలి, చేసింది బాగుందో లేదో అప్పటికప్పుడు తెలియాలి, పని చేతనైనదానికంటే కొంచెం మాత్రమే కష్టంగా ఉండాలి. మామూలు రాతలో ఈ మూడూ లోపిస్తాయి. గురి మసకగా ఉంటుంది. తీర్పు నెలల తర్వాత వస్తుంది, లేదా రానే రాదు. కష్టం ఎంతో ముందు తెలియదు.

తెలుగులో ఈ మూడింటినీ ఒకే వేదిక మీద అమర్చిన కళ అష్టావధానం. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వెంకట శాస్త్రి జంటగా ఊరూరా తిరిగి దాన్ని జనంలోకి తెచ్చారు. సమస్య ఇచ్చే పృచ్ఛకుడు అసంబద్ధంగా తోచే పాదం ఒకటి ఇస్తాడు, దానికి అర్థం కుదిరేలా మిగతా పాదాలు కట్టాలి. దత్తపదిలో నాలుగు మాటలిచ్చి వాటిని పద్యంలో ఇమడ్చమంటారు. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే తర్వాత ఏ అక్షరం రాకూడదో పృచ్ఛకుడు చెబుతాడు. గురి ఇంతకంటే స్పష్టంగా ఉండదు. గణం కుదిరిందా, యతి పడిందా అన్న తీర్పు క్షణంలో వస్తుంది, సభ చప్పట్లలో తెలుస్తుంది. ఛందస్సు కాళ్లకు సంకెల అనుకునేవాళ్లు అవధాని ముఖం చూస్తే ఆ మాట అనరు. కట్టడి ఉన్నందువల్లే మనసు మామూలుగా పోని దారిలో మాట కోసం వెతుకుతుంది, దొరికినప్పుడు అది రచయితకే కొత్తగా ఉంటుంది.

వచనం రాసేవాళ్లు కూడా ఈ కట్టడిని అరువు తెచ్చుకోవచ్చు. ఒక పేజీలో విశేషణం వాడకుండా రాయడం, ఒక సంగతిని పూర్తిగా సంభాషణలోనే చెప్పడం, తునికాకు కోత గురించి రాస్తూ 'కష్టం' అన్న మాట రానివ్వకపోవడం. చివరిది చూడటానికి చిన్నదేగానీ దాని పని పెద్దది. ఆ మాట నిషేధించగానే కట్టకు యాభై ఆకులు లెక్కపెట్టే వేళ్లు, మే నెల ఎండ, కల్లంలో కట్టలు ఒప్పజెప్పే వరస అన్నీ కాగితం మీదికి రాక తప్పదు.

రాతలో చేయి తిరిగినవాళ్ల మెదడులో జరిగే మార్పు కూడా కొంత తెలుసు. జర్మనీలోని గ్రైఫ్‌స్వాల్డ్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ లోట్జ బృందం మనుషులను స్కానర్‌లో పడుకోబెట్టి కథ రాయించింది. శిక్షణ పొందిన రచయితల్లో కాడేట్ అనే భాగం చురుగ్గా పనిచేసింది. కొత్తగా రాసేవాళ్లలో అలా కనిపించలేదు. సాధనతో అలవడిన నైపుణ్యాల్లో పాలుపంచుకునే భాగం అది. మొదట్లో బాధించినవి కొన్ని సాధనతో వాటంతటవే జరిగిపోయి, మనసులో ఆటకు చోటు మిగులుతుందన్నమాట.

ఒకే ఒక్క పాఠకుడు

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. దారి పొడుగునా మజిలీలు, దూరాలు, నీటి వసతి, దొరికే సరుకులు, జనం ఆచారాలు అన్నీ రాసి స్నేహితుడు కోమలేశ్వరపు శ్రీనివాస పిళ్లెకు పంపుతూ వచ్చారు. 1836లో వీరాస్వామి కన్నుమూశారు. 1838లో పిళ్లె వాటిని కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించారు. తెలుగులో మొదటి గొప్ప యాత్రా గ్రంథం ఒక స్నేహితుడి కోరిక తీర్చడానికి రాసిన రాత.

నెలల తరబడి బోయీలతో, పరివారంతో అడవులు దాటుతూ వెళ్లే మనిషి, ఎవరు చదువుతారో తెలియని పుస్తకం కోసమైతే అంత పట్టుగా రాసి ఉండేవారా అన్నది సందేహమే. ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయన్ అభివృద్ధి చేసిన సిద్ధాంతం ప్రకారం మనిషికి ఒక పని ఇష్టంగా సాగాలంటే అది తన ఇష్టప్రకారం చేస్తున్నదై ఉండాలి, తనకు చేతనవుతోందని తెలియాలి, ఎవరో ఒకరితో తనను కలపాలి. మూడోదాన్ని రాసేవాళ్లు తరచుగా మరిచిపోతారు. 'పాఠకలోకం' అనే ముఖంలేని గుంపుతో ఎవరికీ చుట్టరికం కుదరదు. దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న మేనత్తకు ఊరి సంగతులు రాస్తున్నాననుకుంటే ఏది విడమరచాలో, ఏది విడిచిపెట్టాలో వెంటనే తెలిసిపోతుంది. మనసులోని చోటూ కలిసొస్తుంది.

మూడు వాక్యాలు

కిన్నెరసాని బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి పొంగితే కిన్నెరసాని నీళ్లు ముందుకు పోలేక ఎదురు తన్ని ఊళ్లోకి వస్తాయి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు చేరింది. ఆ జూలై గురించి ఈ ఊరి మనిషి ఒకరు రాయడానికి కూర్చున్నారనుకుందాం. మొదటి వాక్యం ఇలా వస్తుంది:

వరదల కారణంగా గ్రామ ప్రజలు తీవ్ర ఇబ్బందులకు గురయ్యారు.

ఇందులో అబద్ధం లేదు. రాసిన మనిషికి దక్కిందీ లేదు. ఈ వాక్యం ఏ ఊరికైనా, ఏ ఏడాదికైనా సరిపోతుంది. రాయడానికి ముందు తెలిసినదానికంటే రాశాక ఒక్క ముక్క కూడా ఎక్కువ తెలియలేదు. రెండోసారి:

గోదావరి పోటుకు కిన్నెరసాని వెనక్కి తన్ని ఊళ్లోకి వచ్చింది.

ఇప్పుడు ఊరు వచ్చింది, నది వచ్చింది. 'వచ్చి ఏం చేసింది' అన్న ప్రశ్న కూడా వచ్చింది. మూడోసారి:

నీళ్లు అరుగు దాటేసరికి అమ్మ బియ్యం బస్తా విప్పి, మోయగలిగినంత మూట కట్టి, మిగతాది అటకెక్కించింది. పాసుపుస్తకం మాత్రం రవికెలో దోపుకుంది.

చివరి వాక్యం ముందు అనుకున్నది కాదు. బియ్యం గుర్తుచేసుకుంటుంటే దాని వెనకాలే వచ్చింది. జ్ఞాపకాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, ఒక కచ్చితమైన వస్తువును పైకి లాగితే దాని పక్కనున్నది కూడా కదులుతుంది. 'ఇబ్బందులు' లాంటి మాటకు ఏ జ్ఞాపకమూ అంటుకుని ఉండదు, అందుకే దాన్ని లాగినా ఏదీ రాదు. పాసుపుస్తకం కనిపించిన ఆ క్షణమే రాతలో దొరికే అసలు ప్రతిఫలం. దాని కోసం ఎవరి మెప్పూ అక్కర్లేదు. దిద్దుబాటంటే తప్పులు ఏరడం మాత్రమే అనుకునేవాళ్లు ఈ సుఖాన్ని చాలావరకు పోగొట్టుకుంటున్నారు. చాలామందికి ఆశ్చర్యాలు దొరికేది మొదటి ప్రతిలో కాదు, రెండో మూడో ప్రతుల్లో.

ఇలాంటి క్షణాలు తరచుగా రావాలంటే కూర్చోవడం తరచుగా జరగాలి. టెరిసా అమబిలీ, స్టీవెన్ క్రామర్ ఏడు సంస్థల్లోని 238 మంది ఉద్యోగుల చేత రోజూ డైరీ రాయించి, దాదాపు 12,000 నమోదులను పరిశీలించారు. మనసు ఉత్సాహంగా ఉన్న రోజుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన సంగతి, తమకు ముఖ్యమనిపించిన పనిలో ఎంతో కొంత ముందడుగు పడటం. జీతం పెంపూ కాదు, పొగడ్తా కాదు. అధ్యాపకుల రాత అలవాట్లను పరిశోధించిన రాబర్ట్ బోయిస్, బుద్ధి పుట్టినప్పుడే రాస్తామన్నవాళ్ల కంటే రోజూ నియమంగా కూర్చున్నవాళ్లు ఎక్కువ పేజీలు రాశారని, కొత్త ఆలోచనలు కూడా వాళ్లకే ఎక్కువ తట్టాయని గమనించారు. ఉత్సాహం వచ్చాక రాయడం కంటే, రాస్తుండగా ఉత్సాహం రావడమే మామూలు.

ముందడుగు కంటికి కనిపించాలి. నవల రాస్తున్నామనుకుంటే ఏళ్లపాటు ఏదీ పూర్తికాదు. ఈ రోజు బియ్యం బస్తా సంగతి, రేపు పడవ సంగతి అనుకుంటే రోజూ ఒకటి పూర్తవుతుంది. తర్వాతి వాక్యం ఏమిటో తెలిసినచోటే ఆ రోజు ఆపేయడం హెమింగ్వే పాటించిన పద్ధతి. మర్నాటి మొదటి పది నిమిషాల బెరుకును అది తీసేస్తుంది.

పాత నోటుబుక్కు

రాతలో ఒక ప్రతిఫలం రాసినప్పుడు కాక చాలా రోజుల తర్వాత అందుతుంది. హార్వర్డ్‌లో టింగ్ జాంగ్, ఆమె సహచరులు 2014లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థులు అప్పటి తమ రోజుల గురించి రాసి దాచారు. ఈమధ్య మాట్లాడుకున్న మాటలు, వింటున్న పాటలు, నవ్వుకున్న సంగతులు అన్నీ అందులో ఉన్నాయి. మూడు నెలల తర్వాత వీటిని చదవాలని ఎంత ఆసక్తిగా ఉంటుందో ముందే ఊహించి చెప్పమన్నారు. అంతగా ఉండదన్నారు. మూడు నెలల తర్వాత వాళ్లు ఊహించినదానికంటే ఎక్కువ ఆసక్తి కనబరిచారు. అదే వరసలోని మరో అధ్యయనంలో ఈ తేడా విశేషమైన రోజు కంటే మామూలు రోజు విషయంలో ఎక్కువగా కనిపించింది. పెద్ద రోజు ఎలాగూ గుర్తుంటుంది. మామూలు రోజే మరుపున పడుతుంది, అందుకే అది తిరిగి చేతికి వచ్చినప్పుడు కొత్తగా ఉంటుంది.

బూర్గంపాడు లాంటి చోట దీనికి ఇంకో విలువ ఉంది. పోలవరం ముంపు కారణంగా ఈ మండలంలోని కొన్ని గ్రామాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో జిల్లా మారింది. 1979లో సారపాకలో కాగితం మిల్లు నడక మొదలయ్యాక చుట్టుపక్కల చేలల్లోకి జామాయిల్, సుబాబుల్ తోటలు వచ్చాయి. వరద మట్టాలు ప్రభుత్వ దస్త్రాల్లో ఉంటాయి, జీవోలు గెజెట్‌లో ఉంటాయి. ఒక మామూలు మంగళవారం నాడు సంతలో ఏం అమ్మారో, ఏ రేవులో పడవ కట్టారో, ఇంట్లో పిల్లలు ఏ మాట కోయలో, ఏ మాట తెలుగులో అన్నారో ఎవరో ఒకరు రాస్తే తప్ప ఎక్కడా ఉండదు.

పాత రాత పనికిరావాలంటే పేజీ పైన తేదీ, ఊరి పేరు ఉండాలి. మనుషులను చుట్టరికంతో మాత్రమే కాక పేరుతో కూడా రాయాలి, ఎందుకంటే పదేళ్ల తర్వాత 'బాబాయి' అంటే ఏ బాబాయో రాసినవాళ్లకే గుర్తుండకపోవచ్చు. ధరలు, కొలతలు అంకెల్లో వేయాలి. ఫోన్‌లో రాసేవాళ్లు ఏడాదికోసారి కాగితం మీదికి తీసుకుంటే ఫోన్ మారినప్పుడు పోగొట్టుకోరు. చదువుకోవడం ఎప్పుడో ఒకప్పుడు అని వాయిదా వేయకుండా, కిందటేడు ఇదే నెలలో రాసిన పేజీలతో మొదలుపెడితే మంచిది. పోల్చి చూసుకోవడానికి వానాకాలం, పంట, పండగలు అవే ఉంటాయి కాబట్టి, ఏడాదిలో ఏం మారిందో పేజీలోనే తెలుస్తుంది. ఆ తేడా మీద రాసేది తర్వాతి పేజీ.